పైనుంచి ‘ఏం కూర?’ అని అడిగితే

రోజు 1

తెలియకుండా చేసిన మంచి పని, చేసిన మనిషికి చెందుతుందా?

పదిహేడేళ్ళ కిందట నా తర్కశాస్త్రం క్లాసులో వెనక బెంచీ అమ్మాయి ఒకతె లేచి ఈ ప్రశ్న అడిగింది. అప్పుడే బెల్లు కొట్టారు. “రేపు చెప్తానమ్మా” అన్నాను. ఆ రేపు రాలేదు. ఆమె పాసై వెళ్ళిపోయింది. ప్రశ్న నా దగ్గర ఉండిపోయింది.

ఇలాంటివి రాయడానికి ఇచ్చిన పుస్తకం కాదిది. నిద్ర గదిలో పనిచేసే షమీమ్ ఇచ్చింది. ఎన్నింటికి పడుకున్నాను, ఎన్నింటికి లేచాను, మధ్యలో ఎన్నిసార్లు మెలకువ వచ్చింది, ఇంతే రాయాలి. “మిగతా జాగాలో నీ ఇష్టమొచ్చింది రాసుకోక్కా. యాభై ఆరు రోజులు, చానా జాగా ఉంటాది” అంది.

నాకు వంతు వచ్చింది. ఎండ తగలకుండా ఊరంతటినీ కప్పిన మా ఎర్రగుట్ట పందిరి కింద బతికే ప్రతి మనిషికీ యాభై నిండేలోగా ఒకసారి వస్తుంది, పందిరికున్న పన్నెండు రెక్కల్లో ఒకదాని దగ్గర నలభై తెల్లవారుజాములు పని. నాకు నలభై ఆరు. ఇచ్చింది తూర్పు రెక్క. ఊరి వేడి పైకి పోవడానికి రాత్రంతా తెరిచి ఉంచిన రెక్కని, సూర్యుడు గుట్ట దాటేలోగా మూసెయ్యాలి. మూయకపోతే ఐదు నిమిషాల ఎండకే మెడ మీద తోలు లేస్తుంది. పైన ఇసుక తోమే పని మొదలయ్యే మూడున్నరకల్లా మీట నొక్కే మనిషి అక్కడుండాలి. అంటే రెండున్నరకి లేవాలి. అంటే సాయంత్రం ఆరున్నరకి నిద్రపోవాలి.

నేను ఇరవయ్యేళ్ళుగా పదిన్నరకి పడుకుంటున్నాను. రోజుకి పావుగంట చొప్పున వెనక్కి జరుపుకుంటూ పోతే పదహారు రోజులు. లెక్క సరిపోయింది. లెక్క సరిపోతే నిద్ర వస్తుందని మాత్రం నాకు నమ్మకం లేదు.

పడుకున్నది 10.15. లేచింది 6.10.

రోజు 13

ఏడుంబావుకి పడుకుని తొమ్మిదిన్నర దాకా పైకప్పు చూశాను.

షమీమ్ చెప్పినవన్నీ చేస్తున్నాను. మధ్యాహ్నం తర్వాత కాఫీ మానేశాను. ఐదు దాటాక కిటికీలకి నల్లగుడ్డ. లేవగానే మొహం మీద పెద్ద దీపం. మా ఆయన చక్రధర్ పాపం సాయంత్రం ఐదుకే రాత్రి భోజనం వండుతున్నాడు. కానీ మా ఊరు బతికేదే సాయంత్రం ఆరు నుంచి తొమ్మిది దాకా. పక్కింట్లో క్యారమ్స్ ఆడతారు. కాయిన్ జేబులో పడ్డ ప్రతిసారీ నాకు తెలుస్తుంది. ఎవరి ఇంట్లో మిక్సీ తిరుగుతోందో, అందులో పల్లీలున్నాయో కొబ్బరుందో కూడా చెప్పగలను.

“కళ్ళు మూసుకుని ఊరికే పడుకో, అదే వస్తుంది” అంటాడు చక్రధర్.

“అదే రావడానికి అది నీ పెంపుడు పిల్లి కాదు.”

“నువ్వు దాన్ని ప్రశ్నలడుగుతుంటావు సుచరితా. అందుకే దగ్గరికి రాదు.”

ఇంకా మూడు రోజులే ఉన్నాయి. ఈ రోజు షమీమ్ నా చెవి వెనక బిళ్ళ అంటించింది. అర్ధరూపాయంత ఉంటుంది, చల్లగా. చెప్పిన వేళకి నిద్ర తెస్తుందట, చెప్పిన వేళకి లేపుతుందట. “పన్నెండు రెక్కల్లో ఎనిమిది మందికి నేనే పెట్టినా అక్కా. శరీరం ముందు నేర్చుకుంటాది. మనసు దాని వెనకాలే వస్తాది” అంది.

ఎంత వెనకాల అని నేను అడగలేదు. అడగాల్సింది.

రోజు 17

మొదటి తెల్లవారుజాము.

మీట గది ఇనప మెట్లు ఎక్కితే వస్తుంది, రెక్కకి సరిగ్గా కింద. ఒక కుర్చీ, ఒక పచ్చదీపం, ఒక మీట, పైమనిషి మెడలో ఉండే మైకుకి కలిపిన గొట్టం. మాటలన్నీ రికార్డవుతాయి. పైమనిషి పేరు ఓబులేసు. యాభై దాటిన మనిషి, పంతొమ్మిదేళ్ళుగా ఈ రెక్క మీదే ఉన్నాడు. రాత్రంతా పట్టాల్లో చేరిన ఇసుకని తీగ బ్రష్షుతో తోమడం ఆయన పని. తోమడం అయ్యాక పక్కనున్న, గాలి చొరని ఇనప గూట్లోకి వచ్చేస్తాడు. ఆయన చొక్కా మీద వేసుకునే పట్టీ గూట్లోకి రాగానే నా ముందు పచ్చదీపం వెలుగుతుంది. అప్పుడు మీట నొక్కాలి. లారీ అంత బరువున్న రెక్క పట్టాల మీద జారి మూసుకుంటుంది. దారిలో మనిషుంటే ఆగదు.

“ఇంగొక సంగతి మేడమ్” అన్నాడు గొట్టంలో. “దీపం ఎలిగినా, నేను ‘ఏం కూర?’ అని అడుగుతా. మీరు నిన్న తిన్న కూర చెప్పల్ల. అప్పుడే మీట.”

“ఎందుకు?”

“పడమటి రెక్కలో మా నారప్ప ఉన్యాడు. నాలుగేండ్ల కిందట ‘నొక్కాల్నా?’ అని అడిగింది కిందామె. ‘ఆగు’ అన్యాడు నారప్ప. ఆమె నిద్రమత్తులో ‘సరే’ అని నొక్కేసింది. మోకాళ్ళు పోయినాయి. సరే అనేది నిద్రలో గూడా అనొచ్చు మేడమ్. కూర చెప్పల్లంటే మెలకువ కావాల.”

తర్కం నచ్చింది. ఆయన కూర అడిగాక నేను ‘ఎక్కడున్నారు?’ అని అడగాలి, ఆయన ‘గూట్లో’ అనాలి. అది రెండో తాళం.

“ఏం కూర?”

“బీరకాయ.”

“పాలు పోసినారా?”

“లేదండి.”

“అయితే అది కూర కాదు, మందు.”

“ఎక్కడున్నారు?”

“గూట్లో ఉండా. నొక్కండి.”

రెండు చేతులతో నొక్కాను. రెక్క మూసుకుంది.

పడుకున్నది 6.30. లేచింది 2.30. మధ్యలో మెలకువ లేదు.

రోజు 24

నిద్ర అద్భుతంగా పడుతోంది. క్యారమ్స్ వినపడటం లేదు. ఇంత తేలిగ్గా అలవాటవడం నాకు అనుమానంగా ఉంది. నాకు అనుమానం లేనిదేమిటి అని చక్రధర్ నవ్వాడు.

నవ్వాక ఒక మాటన్నాడు. “పొద్దున కాఫీ ఇచ్చాను, తాగావు, చెప్పులేసుకున్నావు, వెళ్ళావు. ఒక్క మాట మాట్లాడలేదు. కోపమా?”

కాఫీ ఇచ్చాడా? నాకు గుర్తున్నది మీట గదిలో కుర్చీ. దాని ముందు ఏమీ లేదు.

తొందరలో మర్చిపోయి ఉంటాను.

రోజు 27

పని దిగాక ఓబులేసు మెట్ల దగ్గర టీ తాగుతూ ఆపాడు.

“మేడమ్, చింతచిగురు పప్పు యాడ దొరికింది మీకు?”

“చింతచిగురేమిటి?”

“పొద్దున చెప్పినారు కదా. చింతచెట్లు పోయి పన్నెండేండ్లు. నాకు నోరూరి బ్రష్షు జారిపోయింది. దొంగతనంగా పెంచుతాండారా ఏంది ఇంట్లో? చెప్పండి, నేనెవురికీ చెప్పను.”

నేను నిన్న తిన్నది సొరకాయ.

మీట గదిలోకి తిరిగి వెళ్ళి ఈ రోజు రికార్డు విన్నాను. నా గొంతే. తొణకకుండా, చిన్నపిల్లకి అన్నం తినిపిస్తున్నంత నెమ్మదిగా, “చింతచిగురు పప్పు. అమ్మ నెయ్యి ఎక్కువేసింది” అంది. తర్వాత “ఎక్కడున్నారు?” అని అడిగింది. ఆయన ‘గూట్లో’ అన్నాక రెండు క్షణాలు ఆగి మీట నొక్కింది.

మా అమ్మ పోయి ఇరవై రెండేళ్ళయింది.

ఆ మాటలు నేను అన్నట్టు నాకు గుర్తు లేదు. రెక్క మూసినట్టు గుర్తు లేదు. నాకు గుర్తున్నది ఆరుంబావుకి మెట్లు దిగడం.

రోజు 28

పరీక్ష పెట్టుకున్నాను. నిద్ర లేవగానే మెలకువగా ఉంటేనే ఈ పుస్తకంలో ఒక మాట రాయాలని నిన్న సాయంత్రం అనుకున్నాను.

ఇప్పుడు ఉదయం ఎనిమిదిన్నర. పైన చూడండి. పేజీ మొదట్లో గుండ్రటి అక్షరాలతో ‘మెలకువగానే ఉన్నాను’ అని ఉంది. నాకంటే చక్కటి దస్తూరి.

రాసినట్టు గుర్తు లేదు.

రోజు 29

షమీమ్ దగ్గరికి వెళ్ళాను. తలుపు వేసి చెప్పాను.

ఆమె లేచి నా చెవి వెనక బిళ్ళ తడిమి చూసింది. తర్వాత, “పని తప్పిందా అక్కా?” అని అడిగింది.

“లేదు.”

“ఒక్కసారైనా?”

“లేదు. రికార్డులన్నీ విన్నాను. నా కంటే బాగా చేస్తోంది.”

“ఎవరు?”

“బిళ్ళ తీసెయ్” అన్నాను.

బిళ్ళ ఇప్పుడు తీస్తే తొమ్మిది పది రోజులు అసలు నిద్ర పట్టదంది. ఆ మనిషిని మీట దగ్గర కూర్చోబెట్టడం ఇంకా ప్రమాదమంది. పట్టికలో మారు మనిషి లేరు. పై ఆఫీసుకి రాస్తే ఎనిమిది బిళ్ళలూ ఒక్కసారే తీయిస్తారు. “ఎనిమిది రెక్కలు అక్కా. నిద్ర లేని ఎనిమిది మంది. నువ్వే చెప్పు.”

ఆమె భయపడుతోంది. నేనూ భయపడుతున్నాను. ఇద్దరం కలిసి ఇంకొంచెం చూద్దామనుకున్నాం. ఇంకొంచెం చూద్దాం అనడం ఎప్పుడూ చాలా తేలిక. చూసేది మేము. పట్టాల మీద ఉండేది ఓబులేసు.

రోజు 31

ఉండలేక ఆయనకి చెప్పేశాను. మెట్ల మీద కూర్చుని, తప్పు చేసిన పిల్లలా. అరుస్తాడనుకున్నాను. టీ గ్లాసు పక్కన పెట్టి పగలబడి నవ్వాడు.

“అదా! నేను అనుకుంటానే ఉండా, మేడమ్ మొన్నటి నుంచి బలే కుదురుగా ఉందే అని. మెలకువతో ఉన్యప్పుడు మీరు ‘గూట్లోనే కదా? నిజంగా గూట్లోనే కదా?’ అని మూడుసార్లు అడుగుతాంటిరి.”

“ఇది నవ్వే సంగతి కాదండీ. మీ ప్రాణం.”

“నా పానమే కదా. నేను నవ్వుకుంటా, మీకేం?”

తర్వాత నవ్వు ఆపి ఆలోచించాడు. కూర పనికి రాదని తేలింది. ఏం తిన్నామో నిద్రకి కూడా గుర్తుంటుంది, పాతది కలిపి చెప్తుంది. అప్పటికప్పుడు పుట్టించాల్సింది అడగాలి. “రోజుకొక కొత్త తిట్టు తిట్టండి నన్ను. ఒకసారి తిట్టింది మళ్ళీ తిట్టకూడదు. నిద్రలో ఎవురూ కొత్త తిట్టు కట్టలేరు.”

“నేనా? మిమ్మల్నా?”

“ఏం, సదువుకున్యోళ్ళకి తిట్లు రావా?”

రావు. ‘మాడిన దోసె’ దగ్గర ఆగిపోయాను. “అది నా పెండ్లాం రోజూ అంటాది, చెల్లదు” అన్నాడు.

రోజు 32

రికార్డు: “మూత పోయిన ఊరగాయ జాడీ.” నేను మెలకువగానే ఉన్నాను. మెట్లెక్కింది గుర్తుంది. గంటసేపు ఆలోచించి కట్టిన తిట్టు అది. ఆయన ఐదుకి రెండు మార్కులు వేశాడు.

రోజు 33

రికార్డు: “పెళ్ళి అయిపోయాక వచ్చిన బాజా.” ఆయన పైన పడీ పడీ నవ్వడం వినిపించింది. ఐదుకి ఐదు.

నాకు గుర్తు లేదు.

ఇక దాచడానికి లేదు. రేపు ఆఫీసుకి సెలవు, ఎల్లుండి తెరవగానే రాస్తాను. ఒక్క రోజు మధ్యలో. ఒక్క తెల్లవారుజాము.

రోజు 34

జరిగింది వరసగా రాస్తాను.

నాకు మెలకువ వచ్చింది సైరన్‌కి. మీట ముందు నిలబడి ఉన్నాను. నా కుడిచేతిని ఎడమచేత్తో గట్టిగా పట్టుకుని ఉన్నాను, మణికట్టు మీద గోళ్ళు దిగేంత గట్టిగా. పచ్చదీపం వెలుగుతోంది. గడియారంలో ఆరూ పద్నాలుగు. సూర్యుడు గుట్ట దాటేది ఆరూ పదికి. కిటికీలోంచి తూర్పు వీధి మీద ఎండ కనిపించింది. నా జీవితంలో ఆ వీధి మీద ఎండ చూడలేదు. పసుపు రంగులో ఉంది.

ఓబులేసు తలుపు తోసుకుని వచ్చాడు. ఒంటి మీద పట్టీ లేదు. “నొక్కు తల్లీ, దిగినా, నొక్కు!” అని అరిచాడు. నొక్కాను. రెక్క మూసుకునేసరికి ఆరూ పదిహేను.

పాల కేంద్రం ముందు వరసలో పదకొండు మంది ఉన్నారు. అందరూ చూరు కిందికి పరిగెత్తారు. ఆ తోపులాటలో ఒక పెద్దావిడ పడి చెయ్యి విరిగింది. ఒకాయనకి మెడ కాలింది. నారు గదిలో నలభై పళ్ళేల రాగి నారు మాడిపోయింది.

ఇంటికి వచ్చే ముందు రికార్డు విన్నాను. ఓబులేసు నా పక్కనే నిలబడి విన్నాడు.

రాత్రి దుమ్ము గాలి కొట్టి పట్టాల నిండా ఇసుక. తోమడం ఆలస్యమైంది. ఆరూ రెండుకి నా గొంతు “ఇంకా ఎంతసేపు?” అని అడిగింది. ఆరూ ఐదుకి పచ్చదీపం వెలిగిన శబ్దం. అప్పుడు ఆయన గొంతు, ఆయాసంగా.

“మేడమ్, తిట్టండి.”

జవాబు లేదు.

“మేడమ్, టైమైపోతాంది. తిట్టండి.”

“ఎక్కడున్నారు?”

“గూట్లో.”

తర్వాత నా గొంతు, నేనెప్పుడూ ఎవరితోనూ మాట్లాడని గొంతు: “అబద్ధం. దిగరా.”

ఆయన నవ్వాడు. తిట్టనుకున్నాడు. “ఐదుకి నాలుగు. నొక్కండింగ.”

“గాలి వినపడుతోంది. దిగరా వెధవా. నువ్వు గూట్లో లేవు. దిగిందాకా నొక్కను.”

తర్వాత ఎంత పిలిచినా ఆమె పలకలేదు. ఎనిమిది నిమిషాలపైన.

రికార్డు ఆగాక ఓబులేసు గోడకి ఆనుకుని కింద కూర్చున్నాడు. తోమడం అయ్యాక గూట్లోకి వచ్చి, చెమటకి కొరుకుతోందని పట్టీ విప్పి అక్కడ తగిలించాడట. అందుకే దీపం వెలిగింది. బ్రష్షు పట్టాల మీద మర్చిపోయాడు. దాన్ని తీసుకుని గూట్లోకి రావడానికి పది అడుగులు. నేను తిట్టేలోగా వచ్చేస్తాననుకున్నాడు. ‘ఎక్కడున్నారు’ అని అడగ్గానే నోటికి ‘గూట్లో’ అని వచ్చేసింది. పంతొమ్మిదేళ్ళుగా ఆ ప్రశ్నకి ఆ జవాబే. అప్పుడే ఆయన పాదం పట్టా సందులో ఇరుక్కుంది.

“ఇరుక్కున్నానని ఎందుకు చెప్పలేదు?”

“పట్టీ ఇప్పినానని తెలిస్తే పైకి పంపరు కదా మేడమ్, ఇంగెప్పుడూ. ఊడదీసుకుంటాలే అనుకున్యా. మీరు నొక్కరని తెలిసినాక ధైర్యంగా చెప్పు ఇడిచిపెట్టి కాలు లాక్కున్యా. తొందరేసుంటే…” అని ఆపేశాడు. ఎడమ పాదం చూపించాడు. రక్తం ఎండిపోయి ఉంది.

మెలకువలో ఉన్న మనిషి నిద్రలో మాట్లాడినట్టు మాట్లాడాడు. నిద్రలో ఉన్న మనిషి విన్నది.

రోజు 35

విచారణ ఎల్లుండి. ఆఫీసు నుంచి వచ్చినతను మర్యాదగానే మాట్లాడాడు. దీపం వెలిగాక తొమ్మిది నిమిషాలు ఎందుకు నొక్కలేదు? నిద్ర పుస్తకం తెచ్చుకోండి.

ఈ ఒక్క రోజుకీ నా రెక్కని కూడా ఉత్తరపు రెక్క మనిషే చూసింది. రేపటి నుంచి మళ్ళీ నేనే.

మధ్యాహ్నం ఓబులేసు కుంటుకుంటూ ఇంటికి వచ్చాడు. చక్రధర్ కాఫీ ఇచ్చాడు. పాలు పోసిన బీరకాయ కూర కూడా పెట్టాడు, నేను చెప్పి ఉంటాను.

“ఇది కూర” అన్నాడు ఓబులేసు. తర్వాత నా వైపు తిరిగి, “పట్టీ సంగతి నేనే చెప్పేస్తా మేడమ్. నాది నేను మోస్తా. పాలకాడ పడిపోయినామె చెయ్యి చూసొచ్చినా. ఆయమ్మకి ఏం చెప్పేది? మీ నిద్ర సంగతి మాత్రం మీ ఇష్టం. చెప్పుకోండి, చెప్పకపోండి.”

“రేపు మీరు పైకి వెళ్తారా?”

“ఇచారణ దాకా పంపుతారంట. మనుషుల్లేరు కదా.” గ్లాసు తిప్పుతూ కూర్చున్నాడు. “మేడమ్, ఒకటి అడగాల్నా? రేపు కింద ఎవురుంటారు? మీరా, ఆమేనా?”

చక్రధర్ నా మొహం చూశాడు.

“మీకు ఎవరు కావాలి?” అన్నాను.

“నన్నడిగితే నేనేం చెప్తా. ఆమె నన్ను బతికిచ్చింది. కానీ ఆమెకు మీ అమ్మ కూడా బతికే ఉంది కదా. ఏ పొద్దు ఏది నమ్ముతాదో ఎట్ల తెలుస్తాది?”

ఆయన వెళ్ళాక రికార్డు నకలు మళ్ళీ విన్నాను. తెల్లవారుజాము కాదు, పట్టపగలు, పూర్తి మెలకువలో, చెవికి ఆనించుకుని. ‘గూట్లో’ అన్న మాట వెనక గాలి ఉందా? మొదటిసారి వినపడలేదు. రెండోసారి వినపడలేదు. మూడోసారి, ఉందని తెలిసి వెతికితే, సన్నగా ఈల లాంటిది వినపడింది. నేను మెలకువగా ఉండి ఉంటే పచ్చదీపం చూసేదాన్ని. గడియారం చూసేదాన్ని. పాల వరసలో ఉన్నవాళ్ళని తలుచుకునేదాన్ని. నొక్కేదాన్ని. ఇందులో నాకు అనుమానం లేదు, నాకు అనుమానం లేని కొద్దివాటిలో ఇదొకటి.

అలాగని ఆమెని నమ్మడానికీ ధైర్యం చాలడం లేదు. ఒక పొద్దు ఆమె గాలి విన్నది. ఇంకో పొద్దు అమ్మ పిలుపు వింటే?

పుస్తకం ఇస్తున్నాను. మొదటి పేజీ నుంచి, చింతచిగురుతో సహా. అంత వరకు తేల్చుకున్నాను. షమీమ్‌కి ముందే చెప్పాను. ఏడ్చింది, తర్వాత “రాయక్కా” అంది. ఎనిమిది బిళ్ళల సంగతి ఆఫీసు చూసుకుంటుంది, కానీ అది ఎల్లుండి.

నా బిళ్ళ సంగతి ఈ సాయంత్రమే. షమీమ్ ఐదున్నరకి గది మూసేస్తుంది. తీయించుకుంటే రేపు మీట దగ్గర నిద్రలేని సుచరిత కూర్చుంటుంది, మూడుసార్లు అడిగి, దీపాన్ని నమ్మి నొక్కే మనిషి. ఉంచుకుంటే ఇంకొకరు కూర్చుంటారు. మారు మనిషిని ఇవ్వమని పొద్దున రెండుసార్లు అడిగాను. లేరన్నారు.

ఇప్పుడు ఐదుంబావు. చెప్పులు వేసుకునే ఉన్నాను.

వెనక బెంచీ అమ్మాయికి జవాబు ఇంకా దొరకలేదు. ఓబులేసు ప్రాణం నేను కాపాడానని ఊళ్ళో అంటున్నారు. విన్న ప్రతిసారీ పక్కకి తిరిగి చూస్తున్నాను. కానీ ఇప్పుడు నాకు ఆ జవాబు కంటే ముందు కావాల్సింది వేరే ఉంది. రేపు తెల్లవారుజామున ఆయన పైనుంచి అడిగినప్పుడు కింద ఎవరు జవాబు చెప్పాలి? నేను తేల్చుకోలేదు.